ఉమ్మడి ఆపద - ఉమ్మడి నిధి

ఇచ్ఛాపూర్ అను పేరు వినగానే తెలుగువారికి శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము తలపునకు వచ్చును. ఆ యిచ్ఛాపురము ఆంధ్రదేశమునకు ఉత్తరపు పొలిమేర. ఈ యిచ్ఛాపూర్ సూరత్ నగరమునకు పడమట, హజీరాకు పోవు దారిలో, తపతీనది సముద్రమును గలియు చోటికి చేరువనున్న ఊరు. ఒకటి తూర్పు తీరమునను, ఒకటి పడమటి తీరమునను ఉన్నను, ఈ రెంటికిని పేరులోనే గాక కష్టమునందును చుట్టరికము కలదు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడువబడిన నీరు, హెచ్చిన సమయమున సెకనుకు సుమారు 9 లక్షల ఘనపుటడుగులు, సూరత్ నగరములో అధికభాగమును ముంచివేసినది. హజీరా ప్రాంతమును కూడ విడువలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి, ఇచ్ఛాపురము మొదలుకొని ఉద్దానమంతటను కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము గావించినది.

వరదలో సామాను పోగొట్టుకొన్న సూరత్ మరమగ్గపు కార్మికునకును, తోట పోగొట్టుకొన్న ఉద్దానపు రైతునకును ఒకరి నొకరు ఎరుగుటకు అవకాశము లేదు. అయినను వారి సహాయార్థము ప్రభుత్వము వెచ్చించిన సొమ్ము ఒకే మూలసూత్రమునుండి వెలువడినది. ఒక ప్రాంతమున పడిన ఆపదను దేశమంతయు పంచుకొనవలెననునదియే ఆ సూత్రము. అది ఒకనాట పుట్టినది కాదు. దాని వెనుక దాదాపు 150 సంవత్సరముల చరిత్ర కలదు. ఒకని యిల్లు మునిగినపుడు మునగని యింటివాడు ఎంత యీయవలెను? అది దయయా, బాధ్యతయా? ఇచ్చువాడు పుచ్చుకొనువానిపై ఎట్టి నిబంధనలు విధింపవచ్చును? ఈ మూడు ప్రశ్నలను మన దేశమే గాక, ఒకనాడు మనలను పాలించిన ఐరోపాఖండము సైతము తన యింట ఎదుర్కొనవలసి వచ్చినది. ఉభయుల అనుభవమును ప్రక్కప్రక్కను పెట్టి చూచుట ఉపయుక్తము.

ధాత కరవు

తెలుగువారు కరవులను సంవత్సరముల పేర్లతో జ్ఞాపకముంచుకొనిరి. 1832-33 నాటి నందన కరవు గుంటూరుసీమను శ్మశానముగా మార్చినది. ఆ దారుణమును చూచిన పిదపనే గోదావరి, కృష్ణలపై ఆనకట్టల యోచన బలపడినది. 1876-78 మధ్య ధాత, ఈశ్వర సంవత్సరములలో వచ్చిన కరవు దక్షిణాపథము నంతటిని కాల్చినది. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ సుమారు నాలుగింట ఒకవంతు జనము తగ్గిపోయిరి. బళ్ళారి, కడప, నెల్లూరు జిల్లాలును ఘోరముగా దెబ్బతిన్నవి. బ్రిటిషు పాలనలోని ప్రాంతములందు మరణించినవారు 50 లక్షలకు మించిరి.

నాటి చెన్నరాష్ట్ర గవర్నరు బకింగుహాము ప్రభువు. ఆ కరవులో కూలీలచే త్రవ్వించిన కాలువభాగము వలననే ఆయన పేరు నేటికిని బకింగుహాము కాలువకు నిలిచియున్నది. వైస్రాయి లిట్టను ప్రభువునకు వ్యయము తగ్గించుటయే ప్రధానముగా తోచెను. ఆయన పంపిన సర్ రిచ్చర్డు టెంపులు, పనికి వచ్చిన కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగా రొక్కమును చాలునని కూలి తగ్గించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. దినమంతయు మట్టి మోయువానికి ఆ తిండి చాలదని చెన్నపట్టణపు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు లెక్కలతో వాదించెను. కొన్ని నెలల పిమ్మట ప్రభుత్వము కూలిని పెంచక తప్పలేదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకంటె, అర్హుడు కానివాడు తినిపోవునేమో యను భయమే పాలకులకు మిన్నయైనపుడు ఏమి జరుగునో ఈ యుదంతము తెలుపుచున్నది.

1877 ఆగస్టు 4వ తేదీన చెన్నపట్టణములో ఒక బహిరంగసభ జరిగెను. బ్రిటిషు ప్రజలు సహాయము చేయవలెనని ఆ సభవారు లండను నగరపు మేయరునకు విజ్ఞప్తి పంపిరి. ఇట్లు పిలుపు నిచ్చుట లిట్టను ప్రభువునకు రుచింపలేదు. అయినను మాన్షన్ హౌస్ నిధి అను పేర లక్షలాది పౌనులు ప్రోగుపడెను. ఇంగ్లండునందేగాక సామ్రాజ్యములోని ఇతర దేశములయందును సామాన్యులు చందా లిచ్చిరి. ఈ నిధికి కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ పిదప ఆ కరవుచరిత్రను రెండు సంపుటములలో వ్రాసెను. ప్రభుత్వము చేయని పనులకు ఈ ధనము వినియోగపడినది. అనాథలను పోషించుట, వానలు పడిన పిదప రైతు తిరిగి ఎద్దును, విత్తనమును కొనుక్కొనుటకు తోడ్పడుట అందులో ముఖ్యములు.

ఇది దయామయమైన కార్యము, సందేహము లేదు. కాని ఆ దయ వచ్చునప్పటికి లక్షలాది జనులు మడిసిపోయిరి. కరవు 1876లో ఆరంభమైనది. పిలుపు 1877 ఆగస్టులో వెలువడినది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట అని మన పెద్దలు చెప్పునది ఇదియే. దయ ఎంత గొప్పదైనను ముందుగా పుట్టదు. కన్నీరు కంటబడినగాని దాతకు చేయి కదలదు.

కరవుబీమా సొమ్ము ఏమైనది?

ఈ లోపమును ప్రభుత్వమువారును గుర్తింపకపోలేదు. 1878లో ఆర్థికసభ్యుడు సర్ జాన్ స్ట్రాచీ, కరవులు తప్పక వచ్చునవే గనుక వానికై యేటేట 15 లక్షల పౌనులు ప్రత్యేకింపవలెనని ప్రతిపాదించి, అందుకై వర్తకులపై లైసెన్సుపన్నును, భూమిపై సెస్సులను విధించెను. దీనికి కరవుబీమా గ్రాంటు అని పేరు వచ్చెను. ఆపదకై ధనమును దాచుకొనవలెనను నీతిశాస్త్రపు మాట ప్రభుత్వపు లెక్కలలో కెక్కినట్లు కనబడెను.

కాని ఆ యేడాదిలోనే అఫ్గాను యుద్ధ మారంభమైనది. కరవుకని వసూలుచేసిన పన్ను నిలిచియుండెను. కరవుకై దాచవలసిన సొమ్ము మాత్రము నిలువలేదు. పన్ను కట్టిన ప్రజలకు ఇచ్చిన మాట యుద్ధవ్యయపు భారములో కొట్టుకొనిపోయినది. భారతీయ నాయకులు ఈ విషయమును ఎన్నో యేండ్లు ఎత్తిచూపుచు వచ్చిరి. సర్ రిచ్చర్డు స్ట్రాచీ అధ్యక్షతను ఏర్పడిన కరవు సంఘము 1880లో నివేదిక నిచ్చుటయు, దాని ననుసరించి 1883 నాటికి కరవు నియమావళులు వెలువడుటయు మేలైన సంగతులే. ఎప్పుడు పనులు తెరువవలెనో, ఎవరికి ఉచితముగా పోషణ మీయవలెనో అందు వ్రాయబడినది. కాని నియమము కాగితముపై నుండుట ఒకటి, దాని వెనుక ధనముండుట మఱియొకటి. ఉమ్మడి ఆపదకు నిధి కూర్చుట యెంత ముఖ్యమో, ఆ నిధిని ఇతర వ్యయములనుండి కాపాడుట అంత ముఖ్యమని ధాత కరవు నేర్పిన రెండవ పాఠము.

రాజ్యాంగము చూపిన దారి

స్వాతంత్ర్యము వచ్చిన కొలది నెలలకే, 1948 జనవరిలో, పాకిస్తానునుండి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకుల కొరకు ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి స్థాపింపబడినది. ఇది ప్రజల విరాళములపై నడచునది. తరువాత అది వరదలకు, తుపానులకు, భూకంపములకు గూడ వినియోగపడుచు వచ్చినది. తమ జీతములలో ఒక దినపు వేతనమును ఇట్టి నిధుల కిచ్చుట కేంద్రోద్యోగుల కుటుంబములకు పరిచితమైన ఆచారమే.

కాని అసలు మార్పు రాజ్యాంగములోని 280వ అధికరణము వలన వచ్చినది. దాని ప్రకారము ఏర్పడు ఫైనాన్సు కమిషను కేంద్రరాష్ట్రముల మధ్య ఆదాయపు పంపకమును నిర్ణయించును. శ్రీ కె. సంతానము అధ్యక్షతను పనిచేసి 1957లో నివేదిక నొసగిన రెండవ ఫైనాన్సు కమిషను, రాష్ట్రముల వ్యయమును అంచనా వేయునపుడు ప్రకృతి వైపరీత్యములకు గాను కొంతసొమ్మును ముందుగానే కలిపి లెక్కించెను. దీనికే మార్జిన్ మనీ అని పేరు. మొత్తము చిన్నదే; కాని సూత్రము పెద్దది. వరద వచ్చిన పిదప చేయి చాచుటకు మారుగా, వరద వచ్చునని ముందే ఒప్పుకొని లెక్కలో వ్రాసికొనుట మన దేశమున ఇట్లు మొదలైనది.

1972లో ఏర్పడిన ఆరవ ఫైనాన్సు కమిషనునకు అధ్యక్షులు శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి. వారు 1964 నుండి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన వారు; ఒకవైపు రాయలసీమ కరవులను, వేరొకవైపు కోస్తా తుపానులను ఎదుర్కొన్న పరిపాలకులు. ఆ కమిషనును అడిగిన ప్రశ్నలలో ఒకటి ఈ చరిత్రలో మిక్కిలి ముఖ్యమైనది: కేంద్రమును, రాష్ట్రములును తమ ఆదాయములో నూటికి ఇంతయని చెల్లించి ఒక జాతీయనిధిని ఏర్పాటుచేయుట సాధ్యమా?

1973లో కమిషను ఇచ్చిన సమాధానము కాదనియే. అట్టి నిధి సాధ్యమును కాదు, వాంఛనీయమును కాదని వారి అభిప్రాయము. మార్జిన్ మనీని పెంచి, అంతకు మించిన అక్కరకు రాష్ట్రమునకు రాబోవు ప్రణాళికా సహాయమునే ముందుగా ఇప్పింపవలెనని వారు సూచించిరి. ఈ నిర్ణయమునకు కారణము ఊహింపరానిది కాదు. ఎక్కువ నష్టపడు రాష్ట్రము ఎక్కువ కోరును. తక్కువ నష్టపడునది తాను చెల్లించినంతైన తిరిగిరావలెనని కోరును. ఉమ్మడికుటుంబములో అన్నదమ్ముల కాపురము నెరిగినవారికి ఈ చిక్కు క్రొత్త కాదు. కరవుకని తెరచిన పనులు నిలుకడలేక నిరర్థకములై పోవుచున్నవను చింతయు అప్పటి పాలకులకు లేకపోలేదు. అయినను ముందుగా ఇచ్చిన ప్రణాళికాధనము పిదప ఆ రాష్ట్రపు వాటాలోనే తగ్గునది. అనగా నష్టపడిన రాష్ట్రము తన రేపటి అన్నమునే ఈనాడు తినవలసి వచ్చెను.

దివిసీమ అడిగిన ప్రశ్న

ఆ యేర్పాటు అమలులో నుండగా, 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు దివిసీమపై సముద్రము విరుచుకొనిపడినది. తుపాను చీరాల చేరువను తీరము దాటినది. నాగాయలంక, కోడూరు ప్రాంతములందలి తీరగ్రామములు కొన్ని గంటలలో తుడిచిపెట్టుకొనిపోయినవి. ఇంచుమించు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. పశునష్టమునకు అంతు లేదు. పొలములపై ఉప్పునీరు నిలిచినది.

నాడు అవనిగడ్డ వారగు శ్రీ మండలి వెంకటకృష్ణారావు సహాయకార్యక్రమములకు తమ్ము తాము అంకిత మొనర్చుకొనిరి. శ్రీ నందమూరి తారకరామారావు, శ్రీ అక్కినేని నాగేశ్వరరావు ప్రభృతి చలనచిత్ర నటులు జోలెపట్టి వీధులవెంట విరాళములు సేకరించిరి. రామకృష్ణమిషను మొదలగు సంస్థలు ఇండ్లు కట్టించియిచ్చినవి. విదేశములనుండియు సహాయ మందినది. నటుని చూచుటకు వచ్చిన కూలివాడు తన చేతనున్న రూపాయిని జోలెలో వేసినపుడు, అది మాన్షన్ హౌస్ నిధికి చందా లిచ్చిన సామాన్యుల ధర్మమునకు తీసిపోవునది కాదు. కాని ఇంతటి విపత్తునకు జోలె ఒక్కటియే చాలదనియు, రేపటి ప్రణాళికాధనమును నేడు వాడుకొమ్మనుట న్యాయము కాదనియు దివిసీమ దేశమునకు తెలియజేసినది.

శ్రీ జె. ఎం. షేలత్ అధ్యక్షతను ఏడవ కమిషను 1978లో నివేదిక నొసగునపుడు కరవునకును, వరద తుపానులకును భేదము పాటించెను. కరవు మెల్లగా వచ్చును; దానికి పనులు ముందుగా యోచింపవచ్చును. వరద, తుపాను అట్లు కావు. కావున వానివిషయమున మార్జిన్ మనీకి మించిన వ్యయములో నూటికి 75 వంతులు కేంద్రము తిరిగి కోరని గ్రాంటుగా నీయవలెనని నిర్ణయించిరి. శ్రీ ఎన్.కె.పి. సాల్వే అధ్యక్షతను తొమ్మిదవ కమిషను సూచించిన విధముగా 1990-91 నుండి ప్రతి రాష్ట్రమునకు ఒక విపత్తు సహాయనిధి ఏర్పడినది. దేశమంతటికి ఏటేట 804 కోట్ల రూపాయలు. అందు మూడువంతులు కేంద్రముది, ఒకవంతు రాష్ట్రముది. 1990 మే నెలలో కోస్తాపై వచ్చిన పెనుతుపాను దివిసీమ తుపానునకు దీటైనదే. కాని మరణించినవారు వేయిమందికి లోపే. హెచ్చరిక ముందుగా అందుటయు, లక్షలాది జనమును సురక్షిత స్థలములకు చేర్చుటయు ఇందుకు కారణములు. సకాలమున వెచ్చించిన రూపాయి ఎంతపని చేయునో ఈ రెండు తుపానులను పోల్చినచో తెలియగలదు.

శ్రీ బ్రహ్మానందరెడ్డి కమిషను కాదన్న జాతీయనిధి 1995లో పదవ కమిషను సూచనపై ఏర్పడినది. కేంద్రమును రాష్ట్రములును కలిసి ఐదేండ్లలో 700 కోట్లు కూర్చవలెనని సంకల్పము. ఆ ధనము గడువునకు ముందే తరిగిపోయినది. అప్పుడు హైదరాబాదున జన్మించిన ఆర్థికవేత్త ఆచార్య ఎ. ఎం. ఖుస్రో అధ్యక్షతను పదునొకండవ కమిషను 2000లో వేరొక మార్గము చూపెను. రాష్ట్రములు చెల్లించుటకు మారుగా, 500 కోట్ల మూలధనముతో నిధిని పెట్టి, తరిగినదానిని కేంద్రపు పన్నులపై ప్రత్యేక సర్‌చార్జీ వేసి నింపవలెనని వారి సూచన. 2001 జనవరి 26వ తేదీన గుజరాతు భూకంపము సంభవించినది. ఆ యేడాది ఆదాయపు పన్నుపై నూటికి 2 వంతుల సర్‌చార్జీ గుజరాతు నిమిత్తము విధింపబడినది. శ్రీకాకుళములో పన్ను కట్టువాడును కచ్ఛదేశపు గోడను కట్టుటలో భాగస్వామి యైనాడు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమును అనుసరించి, 2010 నుండి ఈ నిధులు జాతీయ, రాష్ట్ర విపత్తు స్పందన నిధులుగా రూపొందినవి.

ఐరోపా అనుభవము

ఈ దారిలో ఐరోపావారు మనకంటె ముందు నడచిరని తలంచుట పొరపాటు. ఒక దేశములోని రాష్ట్రములు ఆపదను పంచుకొనుట కష్టమైనచో, శతాబ్దములు తమలో తాము పోరాడుకొనిన దేశములు పంచుకొనుట మఱింత కష్టము. 1953 జనవరి 31వ తేదీ రాత్రి ఉత్తరసముద్రము పొంగి హాలెండు దేశపు గట్లను తెంచినపుడు 1,836 మంది ఆ దేశమున మరణించిరి. ఇంగ్లండునందు మరణించినవారు 300లకు మించిరి. నార్వే, స్వీడను, ఫిన్లండు మున్నగు దేశములవారు కొయ్యయిండ్లను తయారుచేసి హాలెండునకు కానుకగా పంపిరి. యుద్ధము ముగిసి ఎనిమిదేండ్లయినను నిండలేదు. తమ గాయములే ఇంకను మానలేదు. అయినను ఇచ్చిరి. అది మాన్షన్ హౌస్ మార్గమే: మహోదారము, కాని నియమరహితము.

1956 ఏప్రిల్ 16వ తేదీన ఎనిమిది ఐరోపా దేశములు కూడి కాందిశీకుల పునరావాసమునకై ఒక నిధిని నెలకొల్పినవి. మన ప్రధానమంత్రి సహాయనిధివలెనే ఇదియు దేశము విడిచిన నిర్భాగ్యుల కొరకు పుట్టి, పిదప ప్రకృతి వైపరీత్యముల బాధితులకును విస్తరించినది. భేదమేమన, ఇది దానము కాదు. తక్కువ భారముతో అప్పు లిచ్చు సంస్థ. నేడు దానిని ఐరోపా మండలి అభివృద్ధి బ్యాంకు అందురు.

నిజమైన ఉమ్మడినిధి ఏర్పడుటకు 2002 ఆగస్టు వరదలు కారణమైనవి. ఎల్బా, డాన్యూబు మొదలగు నదులు పొంగి, ప్రాగు, డ్రెస్డెను నగరములు మునిగినవి. మూడు మాసములు తిరుగకుండ, నవంబరు 11వ తేదీన, ఐరోపా సంఘీభావనిధి శాసనము వెలువడినది. నాడు ఏటికి 100 కోట్ల యూరోలు దాని పరిమితి. తొలి సహాయములో జర్మనీకి 44 కోట్ల 40 లక్షలు, ఆస్ట్రియాకు 13 కోట్ల 40 లక్షలు, చెకు దేశమునకు 12 కోట్ల 90 లక్షలు, ఫ్రాన్సునకు 2 కోట్ల 10 లక్షల యూరోలు లభించినవి. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఐరోపా కూటమిలో చెకు దేశము చేరినది 2004 మే నెలలో. 2002 నాటికి అది సభ్యదేశము కాదు. అయినను ఒకే వరద ఇరువురిని ముంచినపుడు, నీవు సభ్యుడవు కావు పొమ్మని అనలేదు. చేరుటకు చర్చలు జరుపుచున్న దేశములకును నిధి వర్తించునట్లు శాసనమునందే వ్రాసిరి.

ఈ నిధి నడచు తీరు సరళమైనది. నష్టము 2011 నాటి ధరలలో 300 కోట్ల యూరోలకు గాని, దేశపు స్థూలాదాయములో నూటికి 0.6 వంతునకు గాని మించినచో అది పెద్ద విపత్తు. ఆ హద్దునకు లోపలి నష్టముపై నూటికి 2.5 వంతులును, మీది నష్టముపై 6 వంతులును సహాయము. బీదదేశమునకు చిన్న వరదయు పెద్దదే గనుక, ఆదాయముతో పోల్చి హద్దు నిర్ణయించుట న్యాయముగా నున్నది. సొమ్ము రోడ్లు, నీటిసరఫరా, తాత్కాలిక నివాసము, రక్షణకార్యములు మొదలగు ప్రభుత్వవ్యయమునకే. వ్యక్తుల స్వంత నష్టమునకు గాదు.

లోపములును లేకపోలేదు. దరఖాస్తు, పరిశీలన, పార్లమెంటు ఆమోదము ముగిసి ధనము చేతికందుటకు తరచుగా ఒక సంవత్సరమునకు చేరువ కాలము పట్టుచుండెను. అందుచేత 2014లో ముందుగా కొంతభాగము నిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇటలీలో 2009 ఏప్రిల్ 6న లాక్విలా నగరము భూకంపమున కూలినపుడు ఈ నిధినుండి 49 కోట్ల యూరోలకు పైగా మంజూరైనవి. తరువాత ఐరోపా ఆడిటర్లు లెక్కలు చూడగా, అందలి పెద్దభాగము తాత్కాలిక వసతికి మారుగా ఖరీదైన శాశ్వతభవనములపై వెచ్చింపబడినట్లు తేలినది. సహాయధనమునకు లెక్క చెప్పవలసిన బాధ్యత అందరిదియు ఒక్కటే.

ప్రకృతి కల్పించిన ఆపదలో చూపిన ఔదార్యము మనుష్యులు కల్పించిన ఆపదలో కనబడలేదు. 2010లో గ్రీసు దేశము అప్పులలో మునిగినపుడు, ఇతర ఐరోపా దేశములును అంతర్జాతీయ ద్రవ్యనిధియు కలిసి 11,000 కోట్ల యూరోల అప్పు నీయ సమ్మతించినవి. కాని వెంటవచ్చిన షరతుల ఫలితముగా జీతములు, పింఛనులు కోతపడి సామాన్యులు ఎన్నో యేండ్లు బాధపడిరి. తప్పు చేసినవాడు శిక్ష అనుభవింపవలెనను పట్టుదలలో, ఆ శిక్ష ఎవరిపై పడుచున్నదను విచారణ వెనుకబడినది. టెంపులు కూలిధాన్యమును కొలిచిన కథను ఎరిగినవారికి ఈ మనఃప్రవృత్తి క్రొత్తది కాదు. పదేండ్లకు, 2020 జూలైలో, కోవిడు వలన అందరును ఒకేసారి దెబ్బతినగా, అవే దేశములు మనసు మార్చుకొన్నవి. అన్నియు ఉమ్మడిగా అప్పు తెచ్చి, 75,000 కోట్ల యూరోల నిధి కూర్చి, అందు సగమునకు పైగా, 39,000 కోట్లు, తిరిగి చెల్లింపనక్కరలేని గ్రాంటుగా పంచుకొనుటకు ఒప్పుకొనినవి.

తూకము

2020 మార్చి మాసమున ఒక విచిత్రమైన సామ్యము కనబడును. మార్చి 28వ తేదీన భారతప్రభుత్వపు హోంశాఖ, రాష్ట్ర విపత్తు స్పందన నిధులను వలసకార్మికుల తిండికిని, తాత్కాలిక వసతికిని వాడుకొనవచ్చునని ఉత్తరువు చేసినది. రెండు దినములకు, మార్చి 30వ తేదీన, ఐరోపావారు తమ సంఘీభావనిధిని వరద భూకంపములకే గాక ప్రజారోగ్య విపత్తులకును వర్తింపజేయు శాసనము గావించిరి. వేరువేరు దారులలో నడచిన యిరువురును ఒకే మలుపు చేరిరి.

రెంటిని తూచి చూచినచో, మనకు మిన్నగా ఉన్నవియు కలవు; మనము నేర్వవలసినవియు కలవు. మన నిధి వ్యక్తివద్దకు పోవును. పంట పోయిన రైతునకు పెట్టుబడి రాయితీ, ఇల్లు కూలినవానికి సహాయము, మృతుని కుటుంబమునకు పరిహారము అందలి నియమములలో కలవు. ఐరోపానిధి అట్లు గాక, ప్రభుత్వమునకే చేరును. మన రాష్ట్రములవద్ద సొమ్ము ముందుగా నుండును. వారి సహాయము దరఖాస్తు పిదప వచ్చును. 2021-26 కాలమునకు పదునైదవ కమిషను రాష్ట్రముల నిమిత్తము 1,60,153 కోట్ల రూపాయలు సూచించి, అందు అయిదవవంతు విపత్తు రాకముందే నష్టమును తగ్గించు పనులకై ప్రత్యేకించినది. ఇల్లు కాలకముందే బావి త్రవ్వుట యనగా ఇదియే. నందన కరవు పిమ్మట ఆనకట్టలు కట్టిన విజ్ఞత లెక్కలలోనికి చేరుటకు ఇంతకాలము పట్టినది.

ఇక వారినుండి నేర్వదగినది హద్దును అంకెలలో చెప్పుట. మన దేశమున ఏ విపత్తు తీవ్రమైనదో కేంద్రబృందము వచ్చి చూచి, ఉన్నతసంఘము నిర్ణయింపవలెను. బృందము వచ్చునప్పటికి నీరు తీసిపోవును, పొలము ఆరిపోవును. రాష్ట్రము కోరినదానికిని కేంద్రము మంజూరు చేసినదానికిని నడుమ ప్రతి పర్యాయము వివాదము చెలరేగును. నష్టము ఇంత మించినచో సహాయ మింత అని ముందే వ్రాసియున్నచో కోరువాడు ప్రాధేయపడనక్కరలేదు. ఇచ్చువాడు గొప్ప చూపుకొనుటకును వీలుండదు.

మఱియొక లోపము వలసబ్రతుకులకు సంబంధించినది. నిధులు రాష్ట్రములవారీగా లెక్కింపబడును. మనుష్యులు రాష్ట్రముల సరిహద్దులలో నిలిచిపోరు. తెలంగాణమునుండి వచ్చిన నేతపనివాడు సూరత్ వరదలో పాత్రసామగ్రిని పోగొట్టుకొనినచో, అతని రేషనుకార్డు ఒక రాష్ట్రమున, నష్టము వేరొక రాష్ట్రమున నుండును. అద్దెగదిలో నున్నవానికి ఇల్లు కూలిన పరిహారము వర్తింపదు. 2020 ఏప్రిల్‌లో సూరత్ వీధులలో ఇంటికి పంపుడని గుమిగూడిన మరమగ్గపు కార్మికులు ఈ లోపమునకు సాక్షులు. సభ్యదేశము కాని చెకు దేశమును తన లెక్కలో చేర్చుకొనిన ఐరోపా నియమము వెనుకనున్న భావము ఇచ్చట స్మరింపదగినది: వరద ఎవని ముంచినదో చూడవలెనుగాని, వాడు ఎచ్చటివాడని కాదు.

జోలె పట్టుట మానవధర్మము. అది ఎన్నటికిని అవసరమే. కాని జోలె నిండువరకు ప్రాణము నిలువదు. ధాత కరవునాటి కూలివాడు దయకొరకు ఎదురుచూచుచు మరణించినాడు. కరవుబీమా సొమ్ము యుద్ధముపాలైనది. దివిసీమ తరువాత నియమము మారినది. 1990 నాటికి ప్రాణములు దక్కినవి. ఈ వరుసలో ప్రతి మెట్టును ఎవరో ఒకరు కాగితముపై వ్రాసి, లెక్కగట్టి, కార్యాలయములలో నడిపించిన వారే. సహాయపు ఫైలు ఒక దినము ముందుగా కదలినచో ఏదో యొక యింట పొయ్యి ఒక దినము ముందుగా రాజును. ఇచ్ఛాపురమునందైనను, ఇచ్ఛాపూర్‌నందైనను, నీరు తీసిన మరునాడు గుమ్మములో నిలుచుండి ఎదురుచూచువానికి సంఘీభావమనగా ఆ పొయ్యి మంటయే.